చిక్కిన ఫొటోలో దక్కేదెంత?

*దరఖాస్తు 50 కేబీ దాటొద్దంటుంది. ఫోన్ 4 ఎంబీ ఇస్తుంది. వాట్సాప్ అడక్కుండానే నలిపేస్తుంది. రోజూ మన చేతుల మీదుగా పోయే ఫొటోల్లో ఏం మిగులుతోంది? ఏం పోతోంది? ఆ సంగతి ఎవరు తేలుస్తున్నారు?*

హనుమకొండలో కోచింగ్ సెంటర్ల వీధి. రాత్రి తొమ్మిదిన్నర. బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఆఖరు రోజు. ఇంటర్నెట్ సెంటర్లో ఆరు కుర్చీలుంటే లోపల అంతకు రెండింతల మంది ఉన్నారు. ఫ్యాను గాలికి జిరాక్స్ కాగితాలు ఎగరకుండా వాటి మీద స్టాప్లర్ పెట్టారు. మూడో సిస్టమ్ ముందు కూర్చున్న అమ్మాయి వివరాలన్నీ నింపి ఫొటో దగ్గర ఆగిపోయింది.

"అన్నా, మల్ల ఎర్రగనే వస్తుంది."

సెంటర్ నడిపే యువకుడు వంగి చూశాడు. "ఎవరి ఫోన్ల తీసినవ్ చెల్లె?"

"మా అక్క ఫోన్ల. ఐఫోన్."

"అదీ సంగతి. గిది హెచ్‌ఈఐసీ ఫైలు. వాళ్లకు జేపీజీనే గావాలె."

అతను ఏదో సైటు తెరిచి ఫైలు మార్చాడు. ఈసారి ఫారం ఇంకో గీత ఎర్రగా చూపించింది. ఫొటో 2.8 ఎంబీ ఉంది, 50 కేబీ దాటకూడదు. మళ్లీ ఇంకో సైటు. క్వాలిటీ గీతను ఎడమకు లాగుతూ పోయాడు. 48 కేబీకి దిగింది, ఫారం ఒప్పుకుంది. స్క్రీన్ మీద మాత్రం అమ్మాయి చెంపలు గచ్చు పలకల్లా గళ్లుగళ్లుగా విడిపోయాయి. కనుబొమ్మ ఎక్కడ ఆగి నుదురు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

"ఇట్లుంటే రిజెక్ట్ చేస్తరా అన్నా?"

వెనక నుంచి ఎవరో "జల్ది కానీయన్నా, సైటు స్లో అయితాంది" అన్నారు.

నోటిఫికేషన్ పడిందంటే చాలు, అభ్యర్థుల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇదే చర్చ. ఫొటో ఎందుకు ఎక్కట్లేదు, సంతకం ఎందుకు మసగ్గా ఉంది, సైజు తగ్గించడానికి ఏ సైటు మంచిది? ఉద్యోగాల మాట అలా ఉంచితే, వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటో ప్రింటుకు పనికిరాలేదని బాధపడే ఇళ్లున్నాయి. పాస్‌బుక్ ఫొటోలో సర్వే నంబరు పోల్చుకోలేక అవస్థపడే రైతులున్నారు. ఇవన్నీ ఒకే చోటి నుంచి పుట్టిన ఇబ్బందులు. బొమ్మను బాగా చిన్నది చేయాలంటే అందులోంచి కొంత తీసెయ్యాలి. తీసేసిన సంగతి కంటికి కనబడితే ఫర్వాలేదు, జాగ్రత్తపడతాం. కనబడకుండా పోయినప్పుడే అసలు ప్రమాదం.

36 ఎంబీ ఎటు పోయాయి?

మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో తీసుకుందాం. అడ్డంగా 4,000 చుక్కలు, నిలువుగా 3,000. మొత్తం కోటీ ఇరవై లక్షలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పడానికి ఒక్కో బైటు చొప్పున మూడు బైట్లు కావాలి. లెక్క కడితే 36 ఎంబీ. కానీ గ్యాలరీలో అదే ఫొటో వివరాలు తెరిచి చూస్తే 3 లేదా 4 ఎంబీ అని ఉంటుంది. పదింట తొమ్మిది వంతులు షట్టర్ నొక్కిన క్షణంలోనే పోయాయి. మన ఇంట్లో ఎవరూ ఆ లోటు పట్టుకోలేదు.

కుదించడంలో రెండు దారులున్నాయి. మొదటి దారిలో ఏమీ పోదు. తెల్లకాగితం మీద వరసగా నాలుగు వందల తెల్ల చుక్కలుంటే నాలుగు వందల సార్లు రాయక్కర్లేదు, 'తెలుపు, 400' అని రాసుకుంటే సరిపోతుంది. తెరిచినప్పుడు అసలు బొమ్మ చుక్క తేడా లేకుండా తిరిగొస్తుంది. పీఎన్‌జీ ఫైలు పద్ధతి స్థూలంగా ఇదే. స్క్రీన్ షాట్లకు, లోగోలకు, గీతల బొమ్మలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ముఖాల దగ్గర, చెట్ల దగ్గర చతికిలబడుతుంది. నిజమైన ఫొటోలో పక్కపక్క చుక్కలు రెండూ అచ్చంగా ఒకేలా ఉండటం అరుదు. అందుకే ఫొటోను పీఎన్‌జీగా దాచుకుంటే చాలాసార్లు జేపీజీకి అయిదారు రెట్లు బరువు తూగుతుంది.

రెండో దారిలో కొంత వదిలేస్తారు. వదిలేసింది తిరిగి రాదు. జేపీజీ ఈ దారిదే.

జీతం లేని వేసవి

ఈ రెండో దారి వేసిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు నసీర్ అహ్మద్. 1940లో బెంగళూరులో పుట్టారు, అక్కడే విశ్వేశ్వరయ్య కళాశాలలో ఇంజినీరింగ్ చదివారు, తర్వాత అమెరికా వెళ్లారు. 1972లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ, బొమ్మలోని సమాచారాన్ని ఒక కొత్త గణిత పద్ధతిలో విడగొట్టవచ్చంటూ అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపారు. డబ్బు రాలేదు. ఆలోచన మరీ సాదాగా ఉందని ఒక సమీక్షకుడు రాశాడని తర్వాతి కాలంలో అహ్మదే చెప్పుకున్నారు. వేసవి జీతానికి వేరే దారి లేకపోయినా ఆయన ఆ పని వదల్లేదు. తన పరిశోధక విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. కె.ఆర్. రావుగా ప్రపంచానికి తెలిసిన రామమోహనరావు టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి 2021లో కన్నుమూశారు. మన ఫోన్లో ఏ ఫొటో తెరిచినా, ఏ వీడియో చూసినా ఈ ముగ్గురి పని ఏదో రూపంలో జరుగుతూనే ఉంటుంది. నసీర్ అహ్మద్ పేరు మన ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఒక ఫార్ములా పక్కన ఉండి, బయట ఎవరికీ తెలియకపోవడం నాకు కష్టంగానే అనిపిస్తుంది.

1986లో ఫొటో నిపుణులతో అంతర్జాతీయ సంఘం ఒకటి ఏర్పడింది. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాలే జేపెగ్, ఫైలు పేరు చివర జేపీజీ. 1992లో వాళ్లు ఖాయం చేసిన ప్రమాణానికి గుండెకాయ డీసీటీ.

జేపెగ్ చేసే పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ముందుగా వెలుగునీడలను ఒకవైపు, రంగులను ఒకవైపు విడదీస్తుంది. వెలుగులో చిన్న తేడానైనా పట్టే మన కన్ను రంగు తేడాల దగ్గర అంత చురుకు కాదు. అందుకని రంగు వివరాలను సాధారణంగా నాలుగు చుక్కలకు ఒకటి చొప్పునే ఉంచుతుంది. ఇక్కడికే సగం డేటా తగ్గిపోయింది. ఫొటో చూసి ఆ సంగతి చెప్పగలిగిన వాళ్లు అరుదు.

తర్వాత బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉండే గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. నుదుటి మీది గడి ఒకటి తీసుకోండి. 64 చుక్కలూ ఇంచుమించు ఒకే ఛాయ. డీసీటీ ఆ 64 విలువలను వేరే 64 అంకెలుగా మారుస్తుంది. మొదటి అంకె గడి సగటు వెలుగును చెబుతుంది. తర్వాతివి మెల్లగా మారే ఛాయలను, చివరివి వెంట్రుకల్లాంటి సన్నని తేడాలను చెబుతాయి. నుదుటి గడిలో మొదటి అంకె పెద్దది, మిగతావి సున్నాకు దగ్గరివి. ఇక్కడ జేపెగ్ చేసేది తూర్పారబట్టడమే. ఒక్కో అంకెను ఒక పట్టికలోని సంఖ్యతో భాగించి పూర్ణాంకానికి సర్దేస్తుంది. బరువైన గింజలు దగ్గర పడతాయి, పొట్టు గాలికి పోతుంది. క్వాలిటీ గీతను ఎడమకు లాగామంటే గాలి పెంచామన్నమాట. ఇంకా పెంచితే పొట్టుతో పాటు గింజలూ పోతాయి. ఒక్కో గడికీ సగటు రంగొక్కటే మిగులుతుంది. హనుమకొండ అమ్మాయి చెంప మీద కనిపించిన పలకలు అవే.

> 50 కేబీలో ముఖం చెడకూడదంటే
>
> బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ తన సూచనల్లో ఫొటోకు 200, 230 చుక్కల కొలత చెబుతూ వచ్చింది. ఫైలు 20 నుంచి 50 కేబీ. లెక్క వేస్తే అందులో 46,000 చుక్కలు, అంటే ఏమీ కుదించకుండానే 138 కేబీ. మూడు నుంచి ఏడు రెట్లు తగ్గిస్తే చాలు, జేపెగ్‌కు ఇది చాలా తేలిక పని. ముఖం ఏమాత్రం చెడదు.
>
> చిక్కు ఎక్కడొస్తుందంటే, 12 మెగాపిక్సెళ్ల ఫొటో కొలతలు తగ్గించకుండా క్వాలిటీ మాత్రమే తగ్గించినప్పుడు. అప్పుడది 720 రెట్ల కుదింపు. కాబట్టి ముందు ముఖం వరకు కత్తిరించాలి, తర్వాత కొలతలు తగ్గించాలి, చివర్లో 85, 90 క్వాలిటీలో సేవ్ చేయాలి.
>
> సంతకానికి 140, 60 చుక్కలు, 10 నుంచి 20 కేబీ. కుదించకపోయినా అది 25 కేబీయే. ఇక్కడ మరీ నలిపితే 10 కేబీ కంటే తగ్గిపోయి ఫారం తిప్పికొడుతుంది. కొలతలు పరీక్షను బట్టి మారుతాయి, మీ నోటిఫికేషన్లో ఉన్నదే లెక్క.

ఒత్తు ఎగిరిపోతే

జేపెగ్ అంచనా అంతా ప్రకృతి దృశ్యాల మీద, ముఖాల మీద కట్టింది. అక్కడ ఛాయలు మెల్లగా మారుతాయి. అచ్చు అక్షరం అలా కాదు. తెలుపు, ఆ పక్క చుక్కే నలుపు. అలాంటి అంచు చెప్పడానికి గడిలోని ఆ సన్నని తేడాల అంకెలన్నీ కావాలి. జేపెగ్ ముందుగా విదిలించేది వాటినే. ఫలితంగా అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిద రంగు చుక్కలు లేస్తాయి.

మన లిపికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. 'ద'కూ 'ధ'కూ తేడా కింద చిన్న గీతే. 'ప'కూ 'ఫ'కూ అంతే. వత్తులు సగం సైజులో కిందికి దిగి ఉంటాయి. పెళ్లిపత్రిక, పేపర్ కటింగ్, ప్రభుత్వ జీవో ఏదైనా సరే ఫొటోగా నాలుగు చేతులు మారాక ముందు చెరిగేవి ఇవే. దానికి తోడు ఒకరు స్క్రీన్ షాట్ తీస్తారు, ఇంకొకరు కత్తిరించి స్టేటస్ పెడతారు, మరొకరు దాన్ని మళ్లీ సేవ్ చేస్తారు. సేవ్ చేసిన ప్రతిసారీ అంకెల సర్దుబాటు కొత్తగా జరుగుతుంది.

ఒక అపోహ కూడా తీర్చాలి. జేపీజీ ఫైలును తెరిచి చూస్తే, కాపీ చేస్తే, పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఏమీ తరగదు. మార్చి మళ్లీ సేవ్ చేసినప్పుడే నష్టం. అలాగే ఫైలు పేరు చివర జేపీజీని పీఎన్‌జీగా దిద్దినంత మాత్రాన, లేదా నిజంగానే పీఎన్‌జీలోకి మార్చినా, పోయిన గీత తిరిగి రాదు. అక్షరాలున్న బొమ్మను మొదటి నుంచీ పీఎన్‌జీగానో పీడీఎఫ్‌గానో ఉంచుకోవడమే దారి.

> పేటెంటు గొడవలో పుట్టిన పీఎన్‌జీ
>
> 1987లో కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం గిఫ్ ఫార్మాట్ తయారుచేసింది. ఒక బొమ్మలో 256 రంగులే పట్టినా, నెమ్మది ఫోన్‌లైన్ల కాలంలో అది వరం. అందులో వాడిన ఎల్‌జడ్‌డబ్ల్యూ కుదింపుకు యునిసిస్ పేరిట పేటెంటు ఉంది. 1994 డిసెంబరులో, ఇకపై సాఫ్ట్‌వేర్ తయారీదార్లు లైసెన్సు రుసుము కట్టాలన్న ప్రకటన వచ్చింది. కోపం వచ్చిన ప్రోగ్రామర్లు వారం తిరక్కుండానే కొత్త ఫార్మాట్ రచనకు దిగారు. 1995 జనవరి మొదట్లో థామస్ బౌటెల్ తొలి ముసాయిదా పెట్టారు. 1996 అక్టోబరుకల్లా పీఎన్‌జీ వెబ్ ప్రమాణమైంది. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2003లో తీరిపోయింది. కదిలే బొమ్మల పుణ్యమా అని గిఫ్ పేరు బతికే ఉంది.

21.11 కాస్తా 14.13 అయిన రోజు

మసక అక్షరం మనల్ని హెచ్చరిస్తుంది. చదవలేకపోతే అసలు కాగితం అడుగుతాం. కానీ చక్కగా, స్పష్టంగా ఉన్న అక్షరమే తప్పయితే?

2013 వేసవిలో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దగ్గరికి ఒక వింత సమస్య వచ్చింది. ఒక కంపెనీలో ఇంటి ప్లాను స్కాన్ చేశారు. మూడు గదులకు మూడు విస్తీర్ణాలు: 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్ కాపీలో మూడు గదుల్లోనూ 14.13 అనే ఉంది. పెద్ద గది చిన్న గదితో సమానమైపోయింది. అంకెలు ఎక్కడా చెరగలేదు, అచ్చు వేసినట్టున్నాయి. ఖర్చుల పట్టికలు స్కాన్ చేసి చూస్తే కొన్ని చోట్ల 6లు 8లుగా మారాయి.

ఆ స్కాన్లు చేసిన జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు జేబిగ్2 అనే కుదింపు వాడుతున్నాయి. పేజీలో ఒకేలా ఉన్న ఆకారాలను వెతికి, ఒకసారి మాత్రమే దాచి, మిగతా చోట్ల అదే ముద్ర వేస్తుందది. ఇరవై 'అ'లుంటే ఒక్క 'అ' దాచుకుంటే చాలు కదా అన్నది ఆలోచన. చిన్న అచ్చులో 6, 8 దానికి ఒకేలా కనిపించాయి. ఒకదాని చోట ఇంకొకటి ముద్రించేసింది.

క్రీజెల్ ఆగస్టులో ఈ సంగతి బయటపెట్టగానే ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఫలానా సెట్టింగులోనే ఇలా జరుగుతుందని జిరాక్స్ కంపెనీ మొదట చెప్పింది. మిగతా సెట్టింగుల్లోనూ జరుగుతోందని క్రీజెల్ చూపించాక సాఫ్ట్‌వేర్ లోపాన్ని ఒప్పుకుని దిద్దుబాటు విడుదల చేసింది. అప్పటికే ఆ యంత్రాలు ఏళ్లుగా ఆఫీసుల్లో తిరుగుతున్నాయి. వాటిలో స్కాన్ చేసి, అసలు కాగితాలు పారేసిన ఆఫీసుల్లో ఏ అంకె మారిందో తెలుసుకునే మార్గం లేదు.

నాకు ఈ కథలో భయపెట్టేది ఆ స్పష్టతే. జేపెగ్ చేసే తప్పు ముఖం మీద రాసి ఉంటుంది. జేబిగ్2 చేసిన తప్పు సంతకం, ముద్ర వేసిన కాగితంలా పక్కాగా కనబడింది. ఇప్పుడు ఫోన్ కెమెరాలు మసక ఫొటోకు కృత్రిమ మేధతో వెంట్రుకలు, కనురెప్పలు దిద్దుతున్నాయి. జేపెగ్ సంఘం కూడా కృత్రిమ మేధతో కుదించే 'జేపెగ్ ఏఐ' ప్రమాణాన్ని తయారుచేసింది. పోయిన చోట పోయినట్టు కనబడకుండా, ఉండవచ్చనిపించేదాన్ని నింపే పద్ధతులివి. పుట్టినరోజు ఫొటోకు ఫర్వాలేదు. పట్టా కాగితానికి, ఎక్స్‌రేకి, నేర పరిశోధనకు వాడే ముందు చట్టం చేసేవాళ్లు క్రీజెల్ చూపించిన ఆ మూడు గదులను గుర్తుపెట్టుకోవాలి.

వేలిముద్ర ఒప్పుకోని జేపెగ్

ఈ జాగ్రత్త ముందే పడిన వాళ్లు కూడా ఉన్నారు. 1990ల మొదట్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దగ్గర కోట్ల కొద్దీ వేలిముద్రల కార్డులు బీరువాల్లో ఉండేవి. అంగుళానికి 500 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో కార్డు 10 ఎంబీ. కుదించక తప్పదు. జేపెగ్ అప్పుడే వచ్చింది, ప్రయత్నించారు. వేలి గీతకూ గీతకూ మధ్య దూరం ఆ స్కానులో దాదాపు ఎనిమిది, పది చుక్కలు. జేపెగ్ గడి కూడా ఎనిమిది చుక్కలే. గట్టిగా కుదించేసరికి గడుల అంచులు వేలి గీతల్లో కలిసిపోయి అసలు గీత ఏదో తెలియకుండా పోయింది. నిపుణుడు సాక్ష్యం చెప్పేది గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్నదాని మీదే. అందుకే లాస్ అలమోస్ ప్రయోగశాల గణితజ్ఞులతో కలిసి గళ్లు లేని వేవ్‌లెట్ పద్ధతి తయారుచేయించుకున్నారు. 1993లో ఖరారైన ఆ డబ్ల్యూఎస్‌క్యూ సుమారు పదిహేను రెట్లు కుదించినా గీతలను నిలబెట్టింది.

అదే వేవ్‌లెట్ బాట పట్టి 2000 ప్రాంతంలో జేపెగ్ సంఘం జేపెగ్ 2000 తెచ్చింది. జేపెగ్ కంటే మెరుగైనదే. కానీ లెక్కల భారం ఎక్కువ, బ్రౌజర్లు చాలామటుకు పట్టించుకోలేదు. మామూలు జనం దాని పేరు వినలేదు. అయినా అది మన జేబులోనే ఉంది. ఆధార్ కార్డు మీది పెద్ద క్యూఆర్ కోడ్‌లో దాగిన మన ఫొటో జేపెగ్ 2000లోనే ఉంటుంది. సినిమా హాల్లోనూ ఉంది. డిజిటల్ సినిమా ప్యాకేజీగా, అంటే డీసీపీగా వచ్చే సినిమాలో ప్రతి ఫ్రేమూ ఒక జేపెగ్ 2000 బొమ్మ. సెకనుకు 24 చొప్పున రెండున్నర గంటల సినిమాకు 2,16,000 ఫొటోలు వరసగా తెర మీద పడతాయి.

పుస్తకాల్లో నల్లమచ్చలు

పాత తెలుగు పుస్తకాలను నెట్‌లో చదివేవాళ్లకు ఒక అనుభవం ఉండే ఉంటుంది. అక్షరాలు నల్లగా, నిక్కచ్చిగా ఉంటాయి. రచయిత ఫొటో ఉన్న పేజీకి వచ్చేసరికి ముఖం ఉండాల్సిన చోట బొగ్గు రాసినట్టు నల్లమచ్చ.

ఇలాంటి స్కాన్లలో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టుతో ముడిపడిన పని ఇది. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటివి చేయి కలిపాయి. గ్రంథాలయాల్లో పొడి అయిపోతున్న పుస్తకాలను వేల సంఖ్యలో కాపాడిన పని. తెలుగు సాహిత్యం మీద పనిచేసే ఎవరికైనా ఆ రుణం తీరేది కాదు.

అప్పుడు ఎంచుకున్న పద్ధతి అంగుళానికి 600 చుక్కలు, నలుపు తెలుపులే. ఫ్యాక్సు యంత్రాల కాలం నాటి గ్రూప్ 4 కుదింపుతో టిఫ్ ఫైళ్లు. ఈ కుదింపులో నష్టం సున్నా. అయినా ఫొటోలు పోయాయి. ఎలాగంటే, కుదించడానికి ముందే ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేశారు. మధ్యలో బూడిద రంగుకు చోటు లేదు. అచ్చు అక్షరానికి అది సరిపోయింది. ముఖంలోని ఛాయలకు సరిపోలేదు. నష్టం లేని ఫార్మాట్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకూడదనడానికి ఇంతకంటే తేటగా ఉండే ఉదాహరణ నాకు తెలియదు. నష్టం ఫైల్లో జరగలేదు, అంతకు ముందే బల్ల మీద జరిగింది.

ఆనాడు డిస్కులు ఖరీదైనవి, నెట్ నెమ్మది. కోట్ల పేజీలను రంగుల్లో దాచే స్తోమత లేదు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ స్కాన్ అయిపోయిందని మూల ప్రతిని వదిలించుకునే గ్రంథాలయాన్ని తప్పుపడతాను. ఛాయాచిత్రాలున్న పుస్తకాలను, పాత పత్రికల ముఖచిత్రాలను రంగుల్లో మళ్లీ స్కాన్ చేయాల్సిన పని మిగిలే ఉంది. కాగితం మిగిలితేనే అది జరుగుతుంది.

కొత్తగా వచ్చిన పేర్లు

2010లో గూగుల్ వెబ్‌పీ తెచ్చింది. జేపెగ్ కంటే పాతిక నుంచి ముప్పై నాలుగు శాతం చిన్నదని గూగుల్ లెక్క. సైట్లు త్వరగా తెరుచుకుంటాయి, డేటా తక్కువ ఖర్చవుతుంది. నెట్‌లో బొమ్మ సేవ్ చేసుకుంటే జేపీజీకి బదులు ఈ ఫైలు వచ్చి, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు సిస్టమ్‌లో తెరుచుకోక ఇబ్బందిపడేవాళ్లకు దీని పేరు బాగా తెలుసు.

2017లో ఐఓఎస్ 11తో యాపిల్ హెచ్‌ఈఐసీకి మారింది. అదే నాణ్యతకు సగం చోటు. మంచి ఫార్మాటే. దాని వెనకున్న వీడియో పరిజ్ఞానానికి పేటెంట్ల చిక్కు ఉండటంతో అందరూ తలుపు తీయలేదు. 2020 మేలో కరోనా వల్ల అమెరికా కాలేజ్ బోర్డు తన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలను ఇళ్ల నుంచే రాయించింది. చేతిరాత జవాబులను ఫొటో తీసి పంపమంది. ఐఫోన్లో తీసిన హెచ్‌ఈఐసీ ఫొటోలను సైటు తీసుకోలేదు. సమయం అయిపోయింది. రాసిన పరీక్ష చేతిలో పెట్టుకుని మళ్లీ రాయాల్సిన పరిస్థితిలో పడ్డారు పిల్లలు. మన ఇంటర్నెట్ సెంటర్లలో ఆఖరు రోజు జరిగేదీ అదే తంతు. పిల్లలది తప్పు కాదు. ఏ ఫోన్ ఏ ఫైలు ఇస్తుందో తెలుసుకుని తీసుకోవాల్సింది, మార్చుకోవాల్సింది సర్వరు. వచ్చిన ఫొటోను లోపల జేపీజీగా మార్చి, కొలతలు సర్దుకోవడం ఇవాళ ఏ సర్వరుకూ కష్టం కాదు. లక్షల మంది అభ్యర్థుల నెత్తిన ఆ పని పెట్టడం అన్యాయం. అది మారేదాకా ఐఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఫోన్ నేరుగా జేపీజీ ఇస్తుంది.

2019లో రుసుముల బెడద లేని ఏవిఫ్ వచ్చింది. తక్కువ సైజులో జేపెగ్ గళ్లు పడే చోట ఇది నున్నగా ఉంటుంది. ఆ నునుపులోనే చర్మపు గరుకు, చీర నేత లాంటివి కొట్టుకుపోతాయి. ఆ తర్వాత జేపెగ్ ఎక్స్ఎల్. పాత జేపీజీని ఒక్క చుక్క పోకుండా సుమారు ఇరవై శాతం తగ్గించి, కావాలంటే మళ్లీ పాత ఫైలునే తిరిగిచ్చే నేర్పు దీనిది. తయారీలో గూగుల్ ఇంజినీర్ల చేయి ఉన్నా, 2022లో గూగుల్ క్రోమ్ దీన్ని పక్కనపెట్టింది. 2023లో యాపిల్ సఫారీ చేరదీసింది. ఇన్ని వచ్చినా 1992 నాటి జేపెగ్ కదల్లేదు. ఏ ఫోన్లోనైనా, ఏ షాపులోనైనా తెరుచుకుంటుంది కాబట్టి.

ఇంటి ఫొటోల మాట

గ్యాలరీలో 'డబ్ల్యూఏ' అక్షరాలున్న ఫైలు పేర్లు గమనించండి. అవి వాట్సాప్‌లో వచ్చినవి. ఆ పేరులో కనబడే తేదీ ఫొటో మీ ఫోన్‌కు చేరిన రోజుది. తీసిన రోజు, తీసిన చోటు, కెమెరా వివరాలు అసలు ఫైల్లో ఉంటాయి. వాట్సాప్ ఫొటోగా పంపినప్పుడు కొలతలు తగ్గడంతో పాటు ఆ వివరాలూ రాలిపోతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ కొలతల విషయంలో మేలు చేసింది, అదీ అసలు ఫైలు కాదు. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. డాక్టరుకు ఎక్స్‌రే పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. సన్నని ఎముక పగులు సరిగ్గా జేపెగ్ విదిలించే రకం గీతే. స్కానింగ్ సెంటర్ సీడీలో ఇచ్చే డైకామ్ ఫైళ్లు ఉంటే అవే పంపాలి.

> క్లౌడ్‌లో ఉన్నది అసలేనా?
>
> గూగుల్ ఫొటోస్‌లో 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుంటే ఫొటో మళ్లీ నలుగుతుంది, 16 మెగాపిక్సెళ్లు దాటితే ఆ కొలతకు దిగుతుంది. 'ఒరిజినల్ క్వాలిటీ' అయితే తీసిన ఫైలే ఉంటుంది. అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఫోన్ ఖాళీ చేసే ముందు ఈ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.

పెళ్లి ఫొటోల సంగతి ఇంకా పెద్దది. ఫొటోగ్రాఫర్ కెమెరాలో సాధారణంగా రెండు రకాల ఫైళ్లు ఉంటాయి, జేపీజీ, రా. జేపీజీ ఒక్కో రంగుకు 8 బిట్లలో, అంటే 256 మెట్లలో ఆగిపోతుంది. రా ఫైలు 12 లేదా 14 బిట్లు పట్టుకుంటుంది. 14 బిట్లంటే 16,384 మెట్లు. తెల్లవారుజామున ముహూర్తం, మండపంలో వీడియో లైట్ల వెలుగు, వెనక వరసలో నీడలో కూర్చున్న నాయనమ్మ. జేపీజీలో ఆ నీడను తేల్చబోతే మచ్చలు తేలతాయి. రా ఫైల్లో ఆమె ముఖం చాలావరకు దొరుకుతుంది. ఒక్కో ఫైలు పాతిక ఎంబీల వరకు ఉంటుంది కాబట్టి స్టూడియోలు వాటిని ఎక్కువ రోజులు దాచవు. ఆల్బం ప్రింటుకు వెళ్లాక తర్వాతి పెళ్లిళ్ల కోసం డిస్కులు ఖాళీ చేస్తుంటారు. మన చేతికి లింకులో వచ్చేది కుదించిన జేపీజీ. ఒరిజినల్స్ అన్నీ, రా ఫైళ్లతో సహా, హార్డ్ డిస్కులో వేసి ఇవ్వాలని అడ్వాన్సు ఇచ్చే రోజునే మాట్లాడుకోండి. డిస్కు మనమే కొనిస్తే చాలామంది ఫొటోగ్రాఫర్లు కాదనరు. ఆ డిస్కుకు ఇంకో కాపీ తీసి అమ్మాయివాళ్ల ఇంట్లో ఒకటి, అబ్బాయివాళ్ల ఇంట్లో ఒకటి ఉంచండి.